కన్ను పోతే కొత్త జాతి అవుతుందా?

బస్తర్‌లోని జగదల్‌పూర్‌కు సమీపంలో, 1982లో జాతీయ వనంగా ఏర్పడిన కాంగేర్ లోయలో, వాననీరు సున్నపురాయిని యుగాల తరబడి కరిగించగా ఏర్పడిన కుటుంసర్ గుహ ఉంది. వెలుగు చొరని ఆ గుహలో బతుకుతున్న ప్రాణుల్లో రెండింటి కథ, కొత్త జాతిని నిర్ణయించడం ఎంత చిక్కైన పనో చెబుతుంది.

మొదటిది పొడవాటి స్పర్శశృంగాలతో చీకట్లో దారి వెతుక్కునే ఇలకోడి. సిన్హా, అగర్వాల్ అనే శాస్త్రవేత్తలు 1977లో దానిని కొత్త జాతిగా వర్ణించి కెంపియోలా శంకరి అని పేరు పెట్టారు. వర్ణించడమంటే ప్రాణిని చూసి ముచ్చటపడి రాయడం కాదు. దగ్గరి బంధువులతో అవయవం అవయవంగా పోల్చి, తేడాలను ప్రచురించి, ఆ పేరుకు శాశ్వత ప్రమాణంగా నిలిచే ఒక నమూనాను, అంటే మూల నమూనాను, భద్రపరచడం.  

రెండోది సందర్శకులను ఎక్కువగా ఆకర్షించే గుడ్డి చేప. దీనికి మాత్రం కొత్త పేరు దక్కలేదు. ఫ్రాన్సిస్ డే 1872లో పుణే ప్రాంతం నుంచి వర్ణించిన, నేడు ఇండోరియోనెక్టిస్ ఎవెజార్డి అని పిలిచే వాగు చేప జాతిలోనే శాస్త్రవేత్తలు దీనిని చేర్చారు. కళ్లు, రంగు క్షీణించడం కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే మార్పే అయినా, ఆ క్షీణత గుహలోని చేపలన్నింటిలో ఒకే మోతాదులో లేకపోవడం, ఒక్కో చేపలో ఒక్కో స్థాయిలో కనిపించడం ఈ జాగ్రత్తకు బలమైన కారణం. పైగా వానాకాలంలో గుహ వరదనీటితో నిండుతుంది కాబట్టి, శబరిలో కలిసే కాంగేర్ వాగు చేపలకూ లోపలి చేపలకూ మధ్య రాకపోకలు పూర్తిగా తెగిపోయాయని అనుకోవడం కష్టం. సంతానోత్పత్తిలో వేర్పాటు లేనిదే జాతి విడిపోదు.

రాయపూర్‌లోని పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ చేప ఏయే వేళల్లో నీటిపైకి వచ్చి గాలి మింగుతుందో గమనించి, పగలూ రాత్రీ లేని చోట దేహపు గడియారం ఎలా నడుస్తుందో అధ్యయనం చేశారు. పైనున్న బంధువుతో పోల్చే వీలుంది కనుకనే ఆ పరిశోధనకు అంత విలువ. తొందరపడి కొత్త పేరు తగిలించి ఉంటే ఆ బంధుత్వమే మరుగున పడేది.