జేగురు పూసిన పళ్లెం

రేగొండలో పెళ్లి ఫొటోలు మాట్లాడుకునేటప్పుడు బేరమంతా ఆల్బమ్ షీట్ల మీద, డ్రోన్ మీద, ఎల్ఈడీ తెర మీద నడుస్తుంది. అంతా కుదిరి అడ్వాన్సు చేతిలో పడ్డాక ఫొటోగ్రాఫర్ చివర్లో ఒక మాటంటాడు: "అన్నా, డేటా మొత్తం కావాల్నంటే హార్డ్ డిస్క్ మీరే తెచ్చుకోవాలె." బంగారానికి నాలుగు దుకాణాలు తిరిగి, వంటమాస్టరు గురించి పది మందిని అడిగిన ఇల్లు ఈ వస్తువు గురించి ఎవరినీ అడగదు. పెళ్లికొడుకు తమ్ముడో, బామ్మర్దో పరకాలకో హనుమకొండకో పోయి, ఎక్కువ జీబీలు పట్టేది ఒకటి పట్టుకొస్తాడు. దాంట్లో ఫొటోలు ఎక్కించుకుని బీరువాలో చీరల కింద పెడతారు. డిస్కు అంటే పెట్టె అని, పెట్టెలో పెట్టింది ఎక్కడికీ పోదని అందరి నమ్మకం.

అది పెట్టె కాదు, తిరిగే యంత్రం. దాని పుట్టుక తెలిస్తే ఏది కొనాలో, ఎన్ని కొనాలో సగం తేలిపోతుంది.

1956 సెప్టెంబరులో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడడానికి రెండు నెలల ముందు, ఐబీఎం కంపెనీ 'రామాక్' అనే యంత్రాన్ని ప్రకటించింది. కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో రెనాల్డ్ జాన్సన్ నాయకత్వంలో తయారైంది. అందులోని 350 నంబరు డిస్కు విభాగమే ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్కు. రెండడుగుల వెడల్పున్న అల్యూమినియం పళ్లేలు 50, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి నిమిషానికి 1200 సార్లు తిప్పేవారు. బరువు టన్ను దాటేది. పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ్టి లెక్కలో నాలుగు ఎంబీ కూడా నిండదు. మీ మేనకోడలి పెళ్లి ఆల్బమ్‌లోంచి ఒక్క ఫొటో ఒరిజినల్ ఫైలు అందులో పట్టదు. దీన్ని నెలకు 3200 డాలర్లకు అద్దెకిచ్చేవారు.

నాకు ఆ యంత్రంలో ఆసక్తి కలిగించేది బరువూ కాదు, అద్దే కాదు. దాని పూత. పళ్లెం మీద అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్ రంగు పూయాలి, అదీ ఎక్కడా గడ్డకట్టకుండా పలచగా. ఇంజినీర్లు ఆ రంగును నైలాన్ మేజోళ్ల గుడ్డలోంచి వడగట్టి, కాగితం కప్పుతో కొలిచి, తిరుగుతున్న పళ్లెం నడుమన పోసేవారు. తిరిగే వేగానికి రంగు అంచులదాకా సమంగా పరుచుకునేది. ఐరన్ ఆక్సైడ్ అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం. మనవైపు జేగురు మన్నుకు ఆ ఎరుపు వచ్చేది కూడా ఐరన్ ఆక్సైడ్ వల్లే.

రేగొండ మండలంలోనే, తిరుమలగిరి దగ్గర పాండవుల గుట్టలున్నాయి. ఆ ఇసుకరాతి గుహల్లో ఆదిమానవులు వేసిన బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్నలు, జింకలు, పులులు, విల్లులు, బాణాలు. వాటిలో ఎర్రటివి జేగురుతో గీసినవి. ఇనుమూ ఆక్సిజనూ అవే, పాళ్లు కూడా అవే. పరమాణువుల అమరిక మాత్రం వేరు. జేగురులో ఉండే హెమటైట్‌కు అయస్కాంత గుణం లేనట్టే, డిస్కుకు పూసినదానికి బలంగా ఉంటుంది. ఆ తేడాతోనే ఒకటి కంటికి కనిపించే బొమ్మయింది, మరొకటి కంటికి ఆనని అయస్కాంత మచ్చల వరుస అయింది. ఇప్పటి డిస్కుల మీద ఆ పూత లేదు. దాని స్థానంలో కోబాల్ట్ మిశ్రమ లోహపు పొర వచ్చి చాలా ఏళ్లయింది.

గుట్టల మీది బొమ్మలు వేల ఏళ్లు నిలిచాయి, డిస్కు ఐదేళ్లకే పోతుంది అని నిట్టూర్చడం తేలిక. అది సగం మాటే. ఎండ, వాన సూటిగా తగలని చోట, రాయి ముందుకు వంగి గొడుగు పట్టిన చోట గీసినవే మిగులుతాయి. బయలు బండ మీద గీసినవి ఉంటే అవి ఎప్పుడో కడుక్కుపోయుంటాయి, వాటి లెక్క మనకు అందదు. దేంతో రాశారన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ పెట్టారన్నదీ అంతే. దీనిమీద మళ్లీ మాట్లాడుకుందాం.

రామాక్ తర్వాత కథ చిక్కిపోవడమే. 1973లో ఐబీఎం 3340 వచ్చింది. 'వించెస్టర్' అన్న మారుపేరు దానిదే. పళ్లేలను, వాటిని చదివే హెడ్‌లను ఒకే డబ్బాలో దుమ్ము చొరకుండా మూసేయడం అక్కడ స్థిరపడింది. ఇవాళ్టి డిస్కులూ ఆ పద్ధతిలోనే తయారవుతున్నాయి. 1980లో సీగేట్ కంపెనీ చిన్న కంప్యూటర్లలో ఇమిడే ఐదంగుళాలపై పావు డిస్కును తెచ్చింది, పట్టేది ఐదు ఎంబీ. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బెర్ ఫెర్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ ఎవరికి వారు ఒక విచిత్రాన్ని గమనించారు. అయస్కాంత లోహాన్ని, మామూలు లోహాన్ని అతి పలచటి పొరలుగా పేర్చితే, అతి స్వల్పమైన అయస్కాంత క్షేత్రానికి కూడా దాని విద్యుత్ నిరోధం బాగా మారుతోంది. అంటే ఇంకా చిన్న మచ్చను కూడా చదవొచ్చు. 1997కల్లా ఆ సూత్రంతో పనిచేసే హెడ్‌లు డిస్కుల్లోకి ఎక్కాయి, జీబీలు పోటెత్తాయి. ఇద్దరికీ 2007లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఇక 1996లో వచ్చిన యూఎస్‌బీ వల్ల డిస్కును కంప్యూటర్ కడుపులోంచి బయటికి తీసి వైరుతో తగిలించడం అందరికీ చేతనైంది. ఆ యూఎస్‌బీని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్ గుజరాత్‌లోని వడోదరలో చదువుకున్నవాడు.

ఇప్పుడు మీ చేతిలోని జేబు డిస్కు లోపలికి రండి. రెండున్నర అంగుళాల పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంచు దగ్గర ఆ వేగం గంటకు 65 కిలోమీటర్లు దాటుతుంది. దాని మీద హెడ్ తేలుతూ పోతుంది, తగలకుండా. నడుమ ఖాళీ కొన్ని నానోమీటర్లు. తలవెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు ఉంటుంది. డిస్కు ఆగి ఉన్నప్పుడు హెడ్ పళ్లెం మీంచి తప్పుకుని పక్కనున్న గట్టుమీద కూర్చుంటుంది కాబట్టి చిన్న దెబ్బలకు తట్టుకుంటుంది. తిరుగుతున్నప్పుడు పడిందా, హెడ్ పళ్లేన్ని గీకేస్తుంది. స్టూడియోల్లో కాపీ అవుతున్నంతసేపూ డిస్కు సీపీయూ మీద వైరుకు వేలాడుతూ ఉండడం, కింద పిల్లలు ఆడుకోవడం చూస్తే నాకు గుండె జారుతుంది. దాన్ని బల్ల మీద పరిచి పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ఎంత సైజు కావాలో ఊహించనక్కర్లేదు, లెక్కేసుకోవచ్చు. మూడు వేల ఫొటోలు రా ఫైళ్లుగా, ఒక్కోటి 30 ఎంబీ చొప్పున, 90 జీబీ. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు నడిస్తే 360. మొత్తం 450 జీబీ, డ్రోన్ కాక. ఒక పెళ్లికి 1 టీబీ హాయిగా సరిపోతుంది. ఇంట్లో పాత ఫోన్ల ఫొటోలు, రాబోయే బారసాలలు కూడా కలుపుకుంటే 2 టీబీ తీసుకోండి. 1 టీబీ డిస్కు పెడితే కంప్యూటర్‌లో 931 జీబీ అని చూపిస్తుంది. దుకాణదారుతో గొడవకు దిగకండి. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, అంతే.

మూడున్నర అంగుళాల పెద్ద డిస్కు జీబీకి చవకే, కానీ దానికి వేరే అడాప్టర్, వేరే ప్లగ్గు ఉండాలి. మధ్యలో కరెంటు పోతే అది ఉన్నపళంగా ఆగిపోతుంది. యూపీఎస్ లేని ఇంటికి వద్దంటాను. జేబు డిస్కుకు ల్యాప్‌టాప్ నుంచే కరెంటు అందుతుంది.

జేబు డిస్కుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఎస్ఎంఆర్ రకం. గూనపెంకులు ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కినట్టు రాత వరుసలు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కుతాయి. అందుకే ఎక్కువ పడుతుంది. కానీ నడుమ ఒక వరుస మార్చాలంటే పక్కవన్నీ తిరిగి రాయాలి, అప్పుడు నత్తనడక నడుస్తుంది. ఒకసారి ఎక్కించి దాచుకునే ఫొటోలకు దానితో ఇబ్బంది లేదు. దాని మీదే వీడియో ఎడిటింగ్ చేసే స్టూడియోవాళ్లకు మాత్రం పనికిరాదు, వాళ్లకు తిరిగే పళ్లెం లేని ఎస్ఎస్‌డీయే దారి.

మరి ఇంటికీ ఎస్ఎస్‌డీ తీసుకోవచ్చు కదా? పడినా పగలదు, వేగం ఎన్నో రెట్లు. కానీ అందులో ఫొటో అంటే సూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుదావేశం. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడుంటే, అందులోనూ బాగా వాడి అరిగినదైతే, ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. భూపాలపల్లి బొగ్గు గనుల వైపు మే నెల ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? తరచూ వాడే దానికి ఎస్ఎస్‌డీ, ఏడాదికోసారి తీసి చూసే దానికి తిరిగే డిస్కు. నా ఓటు ఇది.

ఏ కంపెనీది మంచిదని దుకాణాల్లో జరిగే వాదనకు పెద్ద అర్థం లేదు. ఒకప్పుడు హార్డ్ డిస్కులు చేసే కంపెనీలు రెండు వందల పైచిలుకు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. డబ్బా మీద ఏ పేరున్నా లోపల ఈ మూడింట్లో ఒకటే. పేరు మోసిన వాటిని బిల్లుతో కొంటే చాలు. అసలు ప్రమాదం ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకే '16 టీబీ' అని కనిపించేవాటితో. విప్పి చూస్తే చిన్న మెమరీ కార్డు ఒకటి జిగురుతో అంటించి ఉంటుంది. కంప్యూటర్‌కు 16 టీబీ అనే చెబుతుంది, నిండగానే పాత ఫొటోల మీదే కొత్తవి రాస్తుంది. 'హెచ్2టెస్ట్‌డబ్ల్యు' అనే ఉచిత ప్రోగ్రాంతో మొదటి రోజే పరీక్షిస్తే దొంగ దొరికిపోతుంది.

వారంటీ కార్డు జాగ్రత్తగా దాచుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. వారంటీ డిస్కుకే, ఫొటోలకు కాదు. పోయిన డిస్కుకు బదులు కొత్తది, ఖాళీది ఇస్తారు. అందుకే కొనాల్సింది 4 టీబీది ఒకటి కాదు, 2 టీబీవి రెండు. వీలైతే రెండు వేర్వేరు కంపెనీలవి, ఒకే తప్పుతో రెండూ పోకుండా. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఫొటోగ్రాఫర్లకు బాగా తెలుసు: మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట. మన ఇళ్లకు తగ్గట్టు చెప్పాలంటే ఒక డిస్కు రేగొండలో, రెండోది హనుమకొండలోని బిడ్డ ఇంట్లో, ముఖ్యమైన రెండు మూడు వందల ఫొటోలు క్లౌడ్‌లో. పాండవుల గుట్టల దగ్గర ఆగిన మాట ఇదే. ఇన్వర్టర్ మీద, కిటికీ పక్కన, వంటింటి అటక మీద డిస్కుకు గొడుగు లేదు. చెమ్మ తగలని అరలో, సిలికా జెల్ పొట్లంతో, గట్టి పౌచ్‌లో పెట్టండి.

స్టూడియోలో కాపీ చేయించేటప్పుడు నీలం రంగు యూఎస్‌బీ పోర్టుకు తగిలించమనండి. 450 జీబీకి అక్కడైతే గంటంబావు పడుతుంది, పాత పోర్టులో దాదాపు నాలుగు గంటలు పడుతుంది. డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయించండి. పాత ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు. ఎజెక్ట్ కొట్టకుండా వైరు లాగొద్దు. ఇంటికొచ్చి నాలుగైదు ఫోల్డర్లు తెరిచి, రెండో డిస్కుకు కూడా ఎక్కించాకే కెమెరా కార్డులు చెరుపుకోవచ్చని ఫొటోగ్రాఫర్‌కు చెప్పండి. ఎప్పుడైనా డిస్కు టక్ టక్ మని చప్పుడు చేస్తే, హెడ్ దారి తప్పి వెతుక్కుంటోందని అర్థం. అప్పుడే వైరు తీసేయాలి. మూత విప్పితే, గాల్లోని దుమ్ము హెడ్‌కు కొండంత అడ్డు.

ఇంకొంచెం ఆగితే పెద్దవి, చవకవి వస్తాయేమోనని కొందరు చూస్తుంటారు. డేటా సెంటర్లకైతే వచ్చాయి. లేజర్‌తో పళ్లెం మీద చుక్కంత చోటును క్షణంలో వేడిచేసి రాసే 30 టీబీ డిస్కులను సీగేట్ 2024లో ప్రకటించింది. జేబు డిస్కు మాత్రం చాలా ఏళ్లు 5 టీబీ దగ్గరే ఆగి, 2024లో 6కు కదిలింది. కంపెనీల చూపంతా డేటా సెంటర్ల మీదే. పెళ్లి మే నెలలో ఉంటే, రెండు డిస్కులూ ఏప్రిల్‌లోనే కొని పరీక్షించి పెట్టుకోవడం నయం.