హెచ్.ఐ.వి. నివారణ: ఫోనులోనే సలహా

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట హైదరాబాదు పడమటి దెసనున్న కొండాపూరు రూపమే మారిపోయినది. తెలుగు జిల్లాలన్నిటినుండి యువతీయువకులు ఉద్యోగార్థమై అచటికి చేరి, హాస్టళ్ళలోను అద్దె గదులలోను నివసించుచున్నారు. వారిలో మన గ్రామముల బిడ్డలు అనేకులు. ఇంటివారు దూరము, ఇరుగుపొరుగు అపరిచితులు. స్నేహములు సైతము సెల్‌ఫోను మూలముననే కలియుచున్నవి. కావున హెచ్.ఐ.వి.ని గూర్చిన బోధ కూడ ఆ ఫోనులోనికే పోవలసివచ్చినది.

మన దేశమున ఈ క్రిమిని 1986లో మద్రాసునందు తొలుత కనుగొనిరి. దీని తాకిడి హెచ్చుగానుండిన రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2005లో ‘ఆశ’ అను పేరిట రాష్ట్రమంతట ప్రచారము సాగినది. అట్టి సభల వలన జ్ఞానము పెరుగును, నిజమే. కాని నలుగురి నడుమ కూర్చున్నవాడు తన స్వంత సందేహమును ఎట్లు అడుగగలడు?

ఒక యువకునికి రక్షణలేని సంపర్కము జరిగి, భయము పట్టుకొన్నదనుకొనుడు. క్రిమి నాటుకొనకుండ కాపాడు మందులు కలవు. వానిని 72 గంటలలోపల, ఎంత త్వరగానైన అంత మేలు, మొదలిడి 28 దినములు వాడవలెను. అవి అవసరమా కాదా యనునది వైద్యుడు నిర్ణయించును. సిగ్గుచే వారము దినములు ఊరకున్నచో ఆ అవకాశము చేజారును. తొలి ప్రశ్న ఆ మూడు దినములలో వెలువడుటయే ముఖ్యము. ముఖము చూపనక్కరలేని ఫోను సలహా ఇచటనే అక్కరకు వచ్చును.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థవారి 1097 నంబరునకు రుసుము లేదు, రేయింబవళ్ళు పలుకును. ఆ సంస్థ వెబ్‌సైటునందును సమాచారము లభించును. అయితే ఇంటర్నెట్టులో కనబడునదెల్ల నమ్మరాదు. ‘సమూలముగా నయము చేతుము’ అను ప్రకటనలు వట్టి మోసము. ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రములలో ఉచితముగా లభించు మందులు క్రిమిని అణచియుంచును. క్రమముగా వాడి, రక్తములో క్రిమి కనబడనంతగా తగ్గినవారినుండి సంపర్కము వలన అది ఇతరులకు సోకదు.

ఫోను రక్తపరీక్ష చేయజాలదు. అందులకు ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములకు పోవలెను. అచట పరీక్ష ఉచితము, గోప్యము. సోకిన కొత్తలో పరీక్షకు అందకపోవచ్చును గనుక మూడు నెలలు గడచిన పిదప మరల చేయించుకొనవలసియుండును.

‘కంపెనీకి తెలిసిన ఉద్యోగము పోవునేమో’ యను భయము కొండాపూరు యువతలో సహజము. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము ఉద్యోగమిచ్చుటకు ఈ పరీక్షను షరతుగా పెట్టరాదు. సోకినదను కారణముతో అన్యాయముగా తొలగించరాదు.

పట్టణమునకు బిడ్డను పంపు తల్లిదండ్రులు ఈ నంబరును ముందే చెప్పియుంచుట మంచిది. తామును అడుగవచ్చును, బొత్తాముల ఫోనునుండియు అది పలుకును.