కారణము తెలియని కాలి తిమ్మిరి

గుంట మగ్గముపై దినమంతయు కూర్చుండు నేతపనివానికిని, బాసిపట్టు వేసికొని పురాణము వినువానికిని కాళ్లు తిమ్మిరెక్కుట క్రొత్త కాదు. లేచి నాలుగడుగులు వేసినంతనే నరముపై ఒత్తిడి తొలగి అది పోవును. దానిని గూర్చి ఎవ్వరును చింతింపనక్కరలేదు. చింతింపవలసిన తిమ్మిరి వేరొకటి కలదు. అది కూర్చున్నను నిలుచున్నను విడువదు. తరచుగా రెండు పాదముల వ్రేళ్లయందును ఆరంభమై, నెలలు గడచినకొలది మడమలకును, చీలమండలకును ప్రాకును.

దీనిని రోగులు వర్ణించు తీరు పలువిధములు. చీమలు ప్రాకుచున్నట్లున్నదని కొందరు, సూదులు గ్రుచ్చినట్లున్నదని కొందరు, దూదిపై నడచుచున్నట్లున్నదని మరికొందరు చెప్పుదురు. జేబులోని సెల్‌ఫోను మ్రోగకుండ అదరినట్లు అరికాలిలో ఏదియో అదరుచున్నదనువారును నేడు కలరు. పగటి పనిలో మరపునకు వచ్చు ఈ బాధ రాత్రి పడకపై హెచ్చగును. దుప్పటి తగిలినను కొందరు ఓర్వలేరు. పైకి చూడగా వాపు లేదు, పుండు లేదు. అందుచేత ఇంటివారు నమ్మరు. “అంతయు నీ భ్రమ” అనుమాట రోగికి తిమ్మిరికంటెను బాధాకరము. చాలసార్లు అది అసత్యము కూడ.

బాధ పాదములయందే మొదలగుటకు హేతువు కలదు. శరీరములోని నరములలో మిక్కిలి పొడవైనవి నడుమువద్ద వెన్నునుండి బయలుదేరి కాలివ్రేళ్లవరకు పోవును. పెద్దవారిలో వాని పొడవు సుమారు ఒక మీటరు. పోషణలోపము గాని, విషపదార్థము గాని, రక్తములో హెచ్చిన చక్కెర గాని నరములకు హాని చేసినపుడు అంత పొడవైన తీగ కొననే మొదట దెబ్బతినును.

హేతువు తెలియనంతమాత్రమున హేతువే లేదనరాదని మన దేశపు వైద్యచరిత్రయే చెప్పుచున్నది. అరికాళ్ల మంటలను గూర్చి 1826లోనే గ్రియర్సన్ అను వైద్యుడు వ్రాసియుండెను. నూరేండ్లకు పైగా దాని మూలము తెలియలేదు. రెండవ ప్రపంచయుద్ధమున జపానువారి చెరలో అర్ధాకలితో నుండిన సైనికులు ఇదే బాధతో రాత్రులు నిద్రలేక చల్లని నీటిలో కాళ్లుంచుకొని గడపిరి. 1946లో కూనూరు పోషణ పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు సి. గోపాలన్ ఇట్టి రోగులను పరీక్షించి, పాంటోథెనిక్ ఆమ్లమను బి వర్గపు విటమినుచే మంట తగ్గినదని ప్రకటించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందియున్నది. ఆ ఒక్క విటమిను లోపము నేడు మిక్కిలి అరుదు. కావున దానినే కొని మ్రింగుటవలన ప్రయోజనము లేదు.

నేడు మొదట అనుమానింపవలసినది మధుమేహము. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము దేశమున మధుమేహులు 10 కోట్లకు మించియున్నారు. తమకు చక్కెర వ్యాధి కలదని కాలి తిమ్మిరితోనే మొదట తెలిసికొనువారును కలరు. రెండవది బి12 విటమిను లోపము. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసము తప్ప వృక్షాహారమున ఇది సహజముగా లభింపదు. పాలు తగినంత త్రాగని శాకాహారులును, చాలకాలముగా మెట్‌ఫార్మిన్ వాడు మధుమేహులును దీనిని పరీక్షింపించుకొనవలెను. మద్యము, థైరాయిడ్ లోపము, క్షయకు వాడు ఐసోనియాజిడ్, గంగామైదానమున కొన్ని ప్రాంతముల బావినీటిలోని ఆర్సెనిక్ సైతము కారణములే.

చర్మముపై పాలిపోయిన లేక ఎర్రని మచ్చయుండి అచట స్పర్శ తెలియని యెడల కుష్ఠును అనుమానింపవలెను. 2005 డిసెంబరులో దేశస్థాయిని ఈ వ్యాధి 10,000 మందికి ఒకటికంటె తక్కువకు దిగెను. ఐనను క్రొత్త రోగులు ఏటేట కనబడుచునే యున్నారు. ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితము. సిగ్గుచే దాచినవారికి వ్రేళ్లు వంకరలు పోవచ్చును.

వైద్యుడు శ్రుతిదండమును చీలమండపై నిలిపి అదురు తెలియుచున్నదా యని చూచును, రక్తము పరీక్షింపించును, అవసరమైన యెడల విద్యుత్తుతో నరములను పరీక్షింపించును. ఇన్ని చేసినను సుమారు నాలుగవ వంతు మందిలో కారణము దొరకదు. విద్యుత్పరీక్ష పెద్ద నరతంతువులను మాత్రమే కొలుచును. నొప్పిని, వేడిని తెలుపు సన్నని తంతువులు చెడినను ఆ కాగితముపై “సరిగానున్నది” అనియే వచ్చును. ఇది రోగియు, అతని ఇంటివారును తప్పక తెలిసికొనవలసిన విషయము.

ఇట్టివారిలో చాలమందికి వ్యాధి మెల్లగనే సాగును. నడక పోవుట అరుదు. మూర్ఛకును, మనోవ్యాకులతకును ఇచ్చు కొన్ని మందులే నరముల మంటను తగ్గించును. ఆ మందు చీటీ చూచి “నన్ను పిచ్చివానిగా నెంచిరి” అని రోగి నొచ్చుకొనరాదు. “నరముల బలము” పేరిట అంగళ్లలో అమ్ము మాత్రలను స్వంతముగా కొనువారు ఒక సంగతి నెరుగవలెను: బి6 విటమినును అధికముగా చాలకాలము వాడినచో అదియే నరములను చెరచి తిమ్మిరి కలిగించును. సీసము, ఆర్సెనిక్ కలిసిన ఊరు పేరు లేని భస్మములును అట్టివే.

కారణము దొరకినను దొరకకున్నను స్పర్శ తగ్గిన పాదమును కన్నుతో కాపాడుకొనవలెను. రాత్రి పడుకొనుటకు ముందు అరికాలిని అద్దములో చూచుకొనవలెను. చూపు చాలనివారికి మనుమలు చూచిపెట్టవచ్చును. స్నానపు నీటి వేడిని పాదముతో కాక మోచేతితో తెలిసికొనవలెను. తిమ్మిరికి కాచిన ఇటుకతో కాపడము పెట్టుట పల్లెలలో వాడుక. బొబ్బలెక్కినను తెలియని పాదమునకు అది ప్రమాదము. చెప్పులు తొడుగుకొనుటకు ముందు దులిపి, లోన చేయి పెట్టి చూడవలెను. వేసవిలో దేవాలయ ప్రదక్షిణము సూర్యోదయమునకే ముగించుట మేలు. కాలిన బండలపై భక్తుడు నడచినది అతనికి మరునాడు పుండు చూచిన పిమ్మటగాని తెలియకపోవచ్చును.

తిమ్మిరి కొలది దినములలోనే కాళ్లనుండి పైకి ప్రాకి బలము తగ్గుచున్నను, మూత్రము అదుపు తప్పినను, ఒకవైపు కాలుసేతులు పడి మాట తడబడినను, అది ఇంట నిరీక్షింపదగిన తిమ్మిరి కాదు. ఆ గడియలోనే పెద్ద వైద్యశాలకు చేర్చవలెను.