సుంకం - స్థిరత్వం

క్రీ.శ. 1244లో కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి తీరం చేరిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ఇకపై నియతమైన సుంకం తప్ప మరేమీ గ్రహించబోమని ఆ శాసనం సముద్రవర్తకులకు హామీ ఇచ్చింది. సుంకం ఎంతో ముందుగా తెలిసినప్పుడే వర్తకుడు ధైర్యంగా ఓడ నడుపుతాడని ఆ ప్రభువు గ్రహించాడు.

ఈ సత్యం నేటి దేశాలకూ వర్తిస్తుంది. విదేశీ సరుకు దేశంలోకి వచ్చేటప్పుడు ప్రభుత్వం వసూలు చేసే పన్నును దిగుమతి సుంకం అంటారు. వర్ధమాన దేశాలకు దీనివల్ల రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, ఖజానాకు ఆదాయం. రెండవది, ఇంకా నిలదొక్కుకోని స్వదేశీ ఉత్పత్తిదారులకు రక్షణ. అయితే సుంకం పెరిగితే సరుకు ధర కూడా పెరుగుతుంది. ఆ భారంలో అధికభాగాన్ని చివరకు కొనుగోలుదారుడే మోయవలసి వస్తుంది.

ఈ చిక్కుకు వంటనూనె చక్కని ఉదాహరణ. మన దేశం తనకు కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకొంటున్నది. అందులో ఇండోనేషియా, మలేషియాల నుండి వచ్చే పామాయిల్‌ది ప్రధానస్థానం. సుంకం తగ్గిస్తే పేదవాని వంటింట నూనె చవక అవుతుంది. కాని వేరుశనగ, ఆయిల్‌పామ్ రైతుల పంటకు గిట్టుబాటు ధర కరవవుతుంది. సుంకం పెంచితే రైతు తేరుకొంటాడు, గృహస్థుకు భారమవుతుంది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం పామాయిల్‌పై 300 శాతం వరకు సుంకం విధించే స్వేచ్ఛ భారతదేశానికి ఉన్నది. సోయా నూనెపై మాత్రం 45 శాతం మించరాదు. ఈ హద్దులకు లోబడి సుంకం పలుమార్లు మారింది. ముడి పామాయిల్‌పై 2018 మార్చిలో 44 శాతంగా ఉన్న మూలసుంకం 2021 అక్టోబరులో పూర్తిగా తొలగిపోయింది. 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెరిగి, 2025 మే నెలాఖరున 10 శాతానికి తగ్గింది.

ఆయిల్‌పామ్ మొక్క కాపుకు రావటానికి సుమారు నాలుగేళ్లు పడుతుంది. గోదావరి ప్రాంతపు రైతు నేటి ధర చూసి తోట నాటితే, అది గెల వేసేనాటికి సుంకం ఒక్క ఉత్తర్వుతో మారిపోవచ్చు. ఏళ్ల తరబడి పెంచిన చెట్లను పెకలించి మరో పంట వేయటం అతనికి సాధ్యం కాదు.

చేనికి కంచె అవసరమే. ఆ కంచె ఏటేటా జరుగుతూ ఉంటే రైతు ఏ నమ్మకంతో దుక్కి దున్నుతాడు? వినియోగదారుని శక్తిని, రైతు అవసరాన్ని తూచి సుంకాన్ని నిర్ణయించాలి. నిర్ణయించినదాన్ని కొంతకాలమైనా నిలకడగా ఉంచాలి. ఆనాడు మోటుపల్లి వర్తకునికి లభించిన అభయం ఈనాటి రైతుకూ లభించాలి.