దూలగొండి పొడి పార్కిన్సన్స్‌కి మందేనా?

విశాఖలో మా స్టాల్‌కి వచ్చేవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: "బాబూ, మా నాన్నగారికి చేతులు వణుకుతున్నాయి, దూలగొండి పొడి ఉందా?" నేను అమ్మను. కారణం పై వీడియోలో చెప్పాను, ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నా.

మన కదలికల్ని అదుపులో ఉంచే మెదడు రసాయనం డోపమైన్. పార్కిన్సన్స్‌లో దాన్ని తయారుచేసే కణాలు మెల్లగా చచ్చిపోతాయి. వణుకు, కండరాలు బిగుసుకోవడం, నడక మందగించడం అందుకే. డోపమైన్‌ని నేరుగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి వెళ్లదు. దాని ముడిసరుకు ఎల్-డోపా మాత్రం వెళ్తుంది.

ఆ ఎల్-డోపా దూలగొండి గింజలో నిజంగానే ఉంది. 1937లో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు మద్రాసులో దాన్ని గింజల నుంచి వేరుచేశారు. డాక్టర్లు రాసే మాత్రలోనూ ఉండేది ఇదే.

చిక్కంతా కొలతలో ఉంది. మాత్రలో ఎంతుందో తెలుసు. గింజలో రకాన్ని బట్టి, పండిన చోటును బట్టి మారిపోతుంది. పైగా మందు మెదడుకు చేరకముందే ఖర్చయిపోకుండా మాత్రలో కార్బిడోపా కలుపుతారు, పొడిలో అది ఉండదు. మాత్రకు తోడు పొడి కూడా వేస్తే డోసు ఎక్కువై వాంతులు, బీపీ పడిపోవడం, అదుపులేని కదలికలు, భ్రమలు రావచ్చు.

మొక్క నుంచి వచ్చింది కదా, ఏమీ కాదనుకోవద్దు. డెర్రిస్ వేర్ల నుంచి తీసే రోటెనోన్ కూడా మొక్కల పురుగుమందే. దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు వచ్చాయని 2000లో అమెరికా పరిశోధకులు చూపించారు.

పొలానికైతే దూలగొండి బంగారమే. నత్రజనిని నిలుపుతుంది, కలుపును అణుస్తుంది. దురద నూగు లేని రకం వేసి, పూత దశలో కోసి ఆచ్ఛాదనగా పరవండి. ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లుంటే మాత్రం కేజీహెచ్‌లోనో, మీ దగ్గర్లోనో న్యూరాలజీ డాక్టర్ని అడగకుండా పొడి పెట్టకండి, వాడుతున్న మాత్ర ఆపకండి.