పికప్ బండి కొనే ముందు: బొలెరో పికప్ 1.7, టాటా ఇంట్రా వీ50లలో మనకు ఏది సరిపోతుంది?

పత్తి ఏరుడు మొదలై మిర్చి కోతలు అయ్యేదాకా చెల్పూర్, గణపురం వైపు రైతులు నన్ను విత్తనాలు, పురుగుమందులతో పాటు తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది. "సార్, డీజిల్ పికప్ తీసుకుందామనుకుంటున్నా, ఏ బండి మంచిది?" నేను మెకానిక్‌ను కాదు, వ్యవసాయం చదువుకున్నవాణ్ణి. కానీ ముప్పై ఏళ్లుగా ఈ బండ్లలో ఏం ఎక్కుతుందో, ఎంత కిరాయి పోతుందో, ఏ రైతు కిస్తీ కట్టలేక ఆగిపోయాడో దగ్గరుండి చూస్తున్నాను. అందుకే ఈ వ్యాసం.

ఇక్కడ ఎక్కువ మంది తూచి చూసే బండ్లు రెండు. ఒకటి మహీంద్రా బొలెరో పికప్ 1.7 టన్నులది. రెండోది 2022 సెప్టెంబరులో వచ్చిన టాటా ఇంట్రా వీ50. బొలెరో ఇంజను 2523 సీసీ, సుమారు 75 హార్స్ పవర్. ఇంట్రా ఇంజను 1496 సీసీ, 80 హార్స్ పవర్. "చిన్న ఇంజనుకు ఎక్కువ బలం ఎట్లా?" అని అడుగుతారు. చిన్న ఇంజను టర్బోతో ఎక్కువ గాలిని లాక్కొని అంత బలం ఇస్తుంది. పెద్ద ఇంజను తక్కువ వేగంలో నింపాదిగా లాగుతుంది. ఖాళీ రోడ్డు మీద రెండూ ఒకటే అనిపిస్తాయి. తేడా తెలిసేది వాన పడ్డ రేగడి బండ్లబాటలో, నిండు లోడుతో చేను గట్టు ఎక్కేటప్పుడు. కాబట్టి షోరూం ముందున్న తారు రోడ్డు మీద నడిపి చూసి మురిసిపోవద్దు.

బరువా, చోటా?

బొలెరో 1700 కిలోలు, ఇంట్రా 1500 కిలోలు మోస్తాయని కంపెనీల లెక్క. కొనుగోలు కేంద్రంలో తూచే 40 కిలోల వడ్ల బస్తాల్లో చెప్పాలంటే మొదటిదాంట్లో 42, రెండోదాంట్లో 37. ట్రిప్పుకు ఐదు బస్తాల తేడా. వరి ఎక్కువ పండించేవారికి ఇది లెక్కలోకి వస్తుంది.

పత్తి సంగతి వేరు. విడి పత్తిని ఎంత తొక్కి నింపినా బరువు నిండకముందే చోటు నిండిపోతుంది. పత్తి రైతుకు 1700 కిలోల బండి అయినా 1500 కిలోల బండి అయినా ఒకటే. తొట్టి పొడవు, వెడల్పు చూడాలి. చేతిలో టేపు పట్టుకుపోయి రెండు బండ్ల తొట్టెలూ లోపలివైపు కొలవండి. కేటలాగు మీద ఆధారపడవద్దు, ఒకే పేరుతో నాలుగైదు రకాల బండ్లు అమ్ముతున్నారు. మిర్చి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. బస్తాలు ఎత్తుగా పేర్చాల్సి వస్తుంది గనుక తొట్టి వెడల్పుగా ఉంటే బండి ఊగడం తగ్గుతుంది.

అంచులు దాటి పత్తి నింపడం మనకు అలవాటే. కానీ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు తొట్టి పక్కలకో వెనక్కో బయటికి వచ్చినా, అనుమతించిన ఎత్తు దాటినా 20 వేల రూపాయల జరిమానా ఉంది. బరువు మించితే 20 వేలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేలు. ఒక్కసారి పట్టుబడితే ఆ లోడు మీద మిగిలేది ఏమీ ఉండదు.

మూడు టన్నుల గీత

ఈ విషయం షోరూంలో చాలాసార్లు చెప్పరు. బండి బరువు, సరుకు బరువు కలిపి ఆర్సీలో జీవీడబ్ల్యూ అని రాస్తారు. అది 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదని చట్టం చెబుతోంది. ఇంట్రా వీ50 జీవీడబ్ల్యూ 2940 కిలోలు, అంటే గీత లోపలే ఉంది. బొలెరో 1.7 టన్నుల బండి గీత దాటుతుంది, దానికి పర్మిట్ తీసుకోవాలి, రెన్యువల్ చేయించుకోవాలి. ఇంట్లో ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి లేకపోతే ఇది చిన్న తేడా కాదు. ఫిట్‌నెస్ మాత్రం రెండింటికీ తప్పదు. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా.

లైసెన్సు గురించి భయం అక్కరలేదు. కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సుతోనే 7500 కిలోల లోపు సరుకు బండి నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది.

మైలేజీ మాట

అందరూ మొదట అడిగేది ఇదే. నేను చివర అడగమంటాను. చెల్పూర్ నుంచి పరకాల మీదుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోను రాను సుమారు 120 కిలోమీటర్లు అనుకోండి. ఒక బండి లీటరుకు 11, ఇంకోటి 14 ఇస్తుందనుకుందాం. ట్రిప్పుకు తేడా రెండు లీటర్ల పైచిలుకు, లీటరు 95 రూపాయల చొప్పున సుమారు 220 రూపాయలు. ఏడాదికి 20 ట్రిప్పులు వేసేవారికి మిగిలేది 4,400. వారానికి మూడు కిరాయిలు కొట్టేవారికి 33 వేల దాకా మిగులుతుంది. అంటే మైలేజీ కిరాయి బండికి ప్రాణం, సొంత బండికి కాదు.

ఇక అసలు లెక్క. 8 లక్షల అప్పు, 10.5 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెల కిస్తీ సుమారు 17,200. ఏడాదికి 2 లక్షల 6 వేలు. ఇన్సూరెన్సుతో కలిపి డీజిల్ పోయకముందే 2 లక్షల 40 వేలు. డీజిల్, డ్రైవర్ పోను కిరాయికి 1,500 మిగులుతుందనుకున్నా ఏడాదికి 160 కిరాయిలు కావాలి. మూడెకరాల పత్తి, రెండెకరాల మిర్చి ఉన్న రైతుకు సొంత లోడ్లు ఎరువులతో కలిపి పది దాటవు. మిగతా 150 ఎక్కడి నుంచి వస్తాయో కాగితం మీద రాసుకోండి. ఏ ఊళ్లు, ఏ నెలలు, ఎవరి సరుకు. వానాకాలంలో జూన్ నుంచి అక్టోబరు దాకా లోడ్లు దాదాపు ఉండవు, కిస్తీ మాత్రం ఉంటుంది.

మిర్చి క్వింటాలు 20 వేలు దాటిన ఏడాది నాకు తెలిసిన ఒక రైతు ఆ ఊపులో బండి తీశాడు. మంచి బండే, తప్పు బండిది కాదు. ఆ తర్వాత ధర పడింది, తామర పురుగు తగిలింది, ఊళ్లో అప్పటికే ఇంకో మూడు పికప్‌లు వచ్చాయి. నాలుగు కిస్తీలు ఆగేసరికి ఫైనాన్స్ వాళ్లు బండి తీసుకుపోయారు. అమ్మగా మిగిలిన బాకీ కోసం అరెకరం అమ్ముకున్నాడు. నేను ఆ ఏడాది అతనికి తామర పురుగు మందు గురించి చెప్పాను గానీ బండి లెక్క అడగలేదు. ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను.

అందుకే నా సలహా ఇది. వరి, సిమెంటు, ఇటుక వంటి బరువు కిరాయిలు దొరికే ఊరైతే, ముందుకు పొడుచుకొచ్చిన మూతితో బండి పొడవుగా ఉన్నా పర్వాలేదనుకుంటే, బొలెరో. పత్తి, కూరగాయలు, మిర్చి ఎక్కువై, ఇరుకు సందుల్లో తిప్పాల్సి వస్తే, పర్మిట్ పని వద్దనుకుంటే ఇంట్రా. 160 కిరాయిల లెక్క తేలకపోతే రెండూ వద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి సీజనుకు బండి మాట్లాడుకోవడమే మేలు.

కొనడానికే నిశ్చయించుకుంటే 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో అది కనిపిస్తోందో లేదో చూడండి. కొన్ని బీఎస్-6 డీజిల్ బండ్లకు డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం వేరే ట్యాంకులో పోయాలి. మీరు తీసుకునేదానికి కావాలో లేదో అడగండి. కావాలంటే బంకులో దొరికేదే పోయాలి. "యూరియానే కదా సార్, ఇంట్లో బస్తా ఉంది" అని ఒకాయన అన్నాడు. మన యూరియాకు వేప నూనె పూత ఉంటుంది, అది ఆ భాగాలను పాడు చేస్తుంది, బిల్లు వేలల్లో వస్తుంది.

కూలీలను తొట్టిలో ఎక్కించవద్దు. సరుకు బండి ఇన్సూరెన్సు సరుకు యజమానికో అతని మనిషికో వర్తిస్తుంది గానీ, పత్తి ఏరడానికి తీసుకుపోయే ఇరవై మంది ఆడవాళ్లకు కాదు. ప్రమాదం జరిగితే పరిహారం బండి యజమాని మీద పడుతుంది. ఐదెకరాలు అమ్మినా తీరదు. పోయిన ప్రాణాల సంగతి చెప్పనక్కరలేదు.

డబ్బు కట్టే ముందు మీ ఊళ్లో అదే బండి రెండేళ్లుగా నడుపుతున్న మనిషి దగ్గరికి పోయి, సర్వీసుకు ఎక్కడికి పోతున్నాడో, కమాన్ పట్టీలు ఎన్నిసార్లు మార్చాడో అడగండి. వీలైతే ఒక రోజు కిరాయికి అతని బండే మాట్లాడుకొని, మీ సొంత లోడుతో, మీ చేను బాటలోనే నడిపించి చూడండి.