గాలి నుండి అన్నము

1798వ సంవత్సరమున ఇంగ్లండులో రచయిత పేరు లేకయే ఒక చిన్న గ్రంథము వెలువడినది. జనసంఖ్య గుణశ్రేఢిలో పెరుగుననియు, ఆహారము అంకశ్రేఢిలో మాత్రమే పెరుగుననియు, కావున కఱవును వ్యాధియు జనులను తగ్గించుచుండుననియు దాని సారాంశము. వ్రాసినవాడు థామస్ మాల్థస్. నేటికిని ఈ లెక్క పాఠశాలలలో బోధింపబడుచునే యున్నది.

అయితే ఆహారమునకు పడిన సంకెల యేదో మాల్థస్ ఎఱుగడు. అది నత్రజని. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. కాని దాని పరమాణువులు జంటలుగా గట్టిగ పెనవైచుకొని యుండుటచే వరిమొక్క దానిని గ్రహింపజాలదు. గాదె నిండ ధాన్యముండియు తాళపుచెవి లేని యిల్లాలి వంటిది పైరు.

ఆ తాళపుచెవికై యూరపు తొలుత పక్షిరెట్ట నాశ్రయించినది. పెరూ తీరమునందలి చించా దీవులలో వాన దాదాపు కురియదు. వేలయేండ్లుగా సముద్రపక్షుల రెట్ట అచట గుట్టలుగా పేరుకొని యుండెను. 1840 తరువాత ఓడలు బారులు తీరినవి. చీనా నుండి తెచ్చిన కూలీలు ఆ ఘాటైన దుమ్ములో త్రవ్వుచు పలువురు ప్రాణములు విడిచిరి. మూడు నాలుగు దశాబ్దములలో గుట్టలు హరించినవి. పక్షులకు వేలయేండ్లు పట్టిన పని మనుష్యులకు ఒక తరము చాలినది! తరువాత చిలీ ఎడారిలోని నైట్రేటు ఉప్పు వంతు వచ్చినది. దానిని గూర్చిన తగవే 1879లో చిలీకిని, పెరూ బొలీవియాలకును యుద్ధముగా పరిణమించినది.

1898లో బ్రిస్టల్ నగరమున విలియం క్రూక్స్ శాస్త్రజ్ఞుల సభకు అధ్యక్షత వహించి, ఆ ఉప్పును తరిగిపోవుననియు, గాలిలోని నత్రజనిని బంధించుటయే తరణోపాయమనియు హెచ్చరించెను. పదునొకండేండ్లకు జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ఆ పని చేసి చూపెను. కార్ల్ బాష్ దానిని కర్మాగారమునకు అనువుగ తీర్చగా 1913లో ఓప్పౌలో ఉత్పత్తి ఆరంభమైనది. 1915లో ఈప్ర్ యుద్ధరంగమున విషవాయు ప్రయోగమును దగ్గఱ నుండి నడపినవాడును ఈ హేబరే. 1918వ సంవత్సరపు నోబెల్ బహుమానము పొందినవాడును ఇతడే. ఈ రెండింటిని ఒక త్రాసులో తూచుట యెవరి తరము?

1900 ప్రాంతమున లోకజనాభా సుమారు 160 కోట్లు. 2022 నవంబరునకు 800 కోట్లు. వీరిలో దాదాపు సగముమంది తిను అన్నము హేబర్ పద్ధతి లేనిదే పండెడిది కాదని శాస్త్రజ్ఞుల అంచనా.

మాల్థస్ ఓడెనని సంబరపడువారు కలరు. గడువు మారినదనుటయే న్యాయము. అమ్మోనియాకు వలసిన ఉదజని నేడు ఎక్కువగ సహజవాయువు నుండియో బొగ్గు నుండియో వచ్చుచున్నది. అవియు పక్షిరెట్టవలె ఏనాడో పేరుకొన్న నిధులే. పైగా చల్లిన నత్రజనిలో దాదాపు సగము పైరునకు చేరదు. కాలువలకు కొట్టుకొనిపోయి నాచును పెంచి, చేపలకు ప్రాణవాయువు అందకుండ జేయును. మిసిసిపీ నది కలియు మెక్సికో సింధుశాఖలో వేసవియందు వేల చదరపు కిలోమీటర్ల మేర నీటి అడుగున ఇట్టి నిర్జీవప్రదేశము ఏర్పడుచుండును.

కృష్ణా గోదావరీ డెల్టాలలో వరికోతకు ముందు పిల్లిపెసర చల్లుట పాత అలవాటు. దాని వేళ్లను పెఱికి చూచిన చిన్న చిన్న బుడిపెలు కానవచ్చును. యంత్రము 400 డిగ్రీల వేడిలో, 200 వాతావరణముల ఒత్తిడితో చేయు పనిని ఆ బుడిపెలలోని సూక్ష్మజీవులు తడినేలలో చప్పుడు లేకుండ చేయుచుండును. బుడిపెను గోటితో చిదిమిన లోపల గులాబిరంగు కనబడును. పని జరుగుచున్నదనుటకు అదియే గుర్తు.